రంగులకన్నా ముందు నీటిదారి

కాచిగూడ స్టేషన్ కట్టి నూరేళ్లు దాటింది. 1916లో, ఏడో నిజాం హయాంలో కట్టిన ఆ గుమ్మటాల కింద నుంచి నేటికీ రోజూ వేలమంది రైలెక్కుతున్నారు. సికింద్రాబాద్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 1874 నుంచి రైళ్లు నడుస్తున్న ఆ స్టేషన్‌లో, నగరానికే గుర్తుగా నిలిచిన పాత ముఖద్వారాన్ని పునర్నిర్మాణం పేరిట 2025లో కూల్చేశారు. లిఫ్టులు, వెడల్పాటి వంతెనలు ప్రయాణికులకు కావాల్సిందే, వాటిని ఎవరూ కాదనరు. కానీ పెద్ద స్టేషన్‌కు కనీసం నిరసన తెలిపేవారైనా ఉంటారు. చిన్న ఊళ్లలోని రాతి గోడలు, పోత ఇనుప స్తంభాలు, టేకు టికెట్ కిటికీలు ఎవరి కంటా పడకుండానే మాయమవుతున్నాయి. వాటిని కాపాడగలిగేది ఆ ఊరి స్వచ్ఛంద సేవకులే.

ఉత్సాహానికి కొదవ లేదు. అయితే అది ముందుగా రంగు డబ్బా వైపే పోతోంది. విద్యార్థులు, సంఘాలవారు ఒక్క ఆదివారంలో గోడంతా బొమ్మలు వేసి వెళ్తారు. సున్నంతో కట్టిన గోడ వానకు పీల్చుకున్న తేమను ఎండకు వదిలేస్తుంది. ఎనామిల్ రంగు పూస్తే ఆ దారి మూసుకుపోయి, తేమ లోపలే నిలుస్తుంది, ఉప్పు పొంగుతుంది, కొన్ని వానాకాలాలకే గార పెచ్చులూడుతుంది. పగుళ్లలో సిమెంటు కూరడం ఇంకా చేటు. సిమెంటు పాత ఇటుకకన్నా గట్టిది కాబట్టి అరిగిపోయేది ఇటుకే.

మొదటి పని వాననీటిది. జూన్‌కు ముందే కప్పు అంచు కాలువల్లోని ఆకులు, పావురాల గూళ్లు తీయించాలి. తొలి వానలో గోడ ఎక్కడెక్కడ నల్లబడుతోందో కింద నిలబడి ఫొటోలు తీయాలి. పగిలిన గొట్టం అక్కడే దొరుకుతుంది. గోడలో మొలిచిన రావి మొక్కను లాగితే వేరుతోపాటు ఇటుక ఊడివస్తుంది, పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. కాండం కోసిన వెంటనే, ఆ పని తెలిసిన మనిషి చేత మోడుకు కలుపుమందు పట్టించాలి. వేరు పూర్తిగా చచ్చాకే సందు పూడ్చాలి.

పూడ్చేది సున్నంతోనే. కనీసం రెండు వారాలు నీళ్లలో మగ్గిన సున్నం ఒక పాలు, మట్టి లేని గరుకు ఇసుక మూడు పాళ్లు. మన మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. ఆ పని చేసిన పాత మేస్త్రీ ఊళ్లో ఉంటే కూలి ఇచ్చి పిలవాలి, ఆయన చేతి కింద యువకులు నేర్చుకోవాలి. రాళ్ల మధ్య వదులైన పాత సున్నాన్ని అంగుళం లోతున ఉలితో గీకి, తడిపి, కొత్తది నింపి, వారం పాటు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. మండుటెండలో చేస్తే ఆరకముందే బీటలిస్తుంది. తొందరగా గట్టిపడాలని గుప్పెడు సిమెంటు కలిపితే పడిన శ్రమంతా వృథా.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. పట్టాల మీది తీగల్లో ఉండేది 25 వేల వోల్టులు. వాటికి రెండు మీటర్ల లోపలికి మనిషి గానీ, నిచ్చెన గానీ, తడి గెడ గానీ పోకూడదు. కప్పు పని, కరెంటు పని, ప్లాట్‌ఫాం అంచు పని రైల్వే సిబ్బందివే.

ఇంగ్లండ్‌లో సెటిల్-కార్లైల్ రైలు మార్గాన్ని మూసేయాలనుకున్నప్పుడు 1981లో ఏర్పడిన మిత్రమండలి దాన్ని కాపాడుకోవడానికి గట్టిగా పోరాడింది. 32 వేల మంది సంతకాలు చేశారు. 1989లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. గెలిచాక వారు ఇళ్లకు పోలేదు. ఆ స్టేషన్ల తోటలను నేటికీ సేవకులే చూసుకుంటున్నారు. రైల్వేతో కలిసి, అనుమతితో చేస్తున్నారు కాబట్టే ఆ పని నిలిచింది.

ఇక్కడా అలాంటి రాతపూర్వక ఒప్పందం కావాలి. డివిజనల్ మేనేజర్ కార్యాలయం ఏ గోడ, ఏ గంటలు, ఏ ఇంజినీరు పర్యవేక్షణ అన్నది ఒక్క కాగితం మీద రాసిస్తే చాలు. స్టేషన్ సంప్రదింపుల కమిటీలో సేవకులకు ఒక స్థానం ఇవ్వాలి. స్టేషన్ల పునర్నిర్మాణానికి కేంద్రం చేపట్టిన అమృత్ భారత్ పథకం పనులు మొదలుకాని ప్రతి పాత స్టేషన్‌లోనూ తలుపులు, బల్లలు, గంట, నామఫలకాలు, ఇనుప బ్రాకెట్లన్నిటికీ కొలతలు, ఫొటోలతో జాబితా తయారుచేయించి దాన్ని టెండర్ పత్రాలకే జతచేయాలి. జాబితాలో లేని వస్తువు కాంట్రాక్టర్‌కు తుక్కే. టెండర్ ఖరారయ్యాక అడిగితే మార్చడం కష్టం కనుక, దక్షిణ మధ్య రైల్వే ఈ పనిని ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టాలి.