మట్టి ఎండితే కేబుల్ మాడుతుంది

1998 ఫిబ్రవరి 20న న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగర నడిబొడ్డు చీకటైపోయింది. తుపాను రాలేదు, భూమి కంపించలేదు. అక్కడికి కరెంటు తెచ్చే 110 కిలోవోల్టుల భూగర్భ కేబుళ్లు నాలుగూ నెల రోజుల్లో ఒకదాని వెంట ఒకటి చేతులెత్తేశాయి. మామూలు పరిస్థితి రావడానికి ఐదు వారాలు పట్టింది. రైలు పట్టాల వెంట హడావిడిగా స్తంభాలు పాతి తీగ లాగితే గానీ గండం గట్టెక్కలేదు. కేబుళ్ల చుట్టూ ఉన్న మట్టి, లెక్కల్లో రాసుకున్నంత వేడిని బయటికి పంపలేకపోతోందని తర్వాత విచారణలో బయటపడింది.

స్తంభం మీది తీగను గాలి చల్లబరుస్తుంది. భూమిలోని కేబుల్‌కు మట్టే దిక్కు. పైగా కరెంటు 20 శాతం పెరిగితే పుట్టే వేడి 44 శాతం పెరుగుతుంది. తడి మట్టి ఆ వేడిని లాక్కుంటుంది. ఎండిన ఇసుక మాత్రం కంబళిలా కప్పేస్తుంది. చిక్కేమిటంటే, కేబుల్ వేడే చుట్టూ ఉన్న తేమను తరిమేస్తుంది. మట్టి ఎండేకొద్దీ కేబుల్ వేడెక్కుతుంది, కేబుల్ వేడెక్కేకొద్దీ మట్టి ఎండుతుంది. నేటి ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం పాలిథిన్ తొడుగు ఉన్న) కేబుళ్లలో కండక్టర్, అంటే కరెంటు మోసే లోహపు తీగ, నిరంతరం భరించగలిగేది 90 డిగ్రీల సెల్సియస్సే.

అందుకే నా దృష్టిలో కందకం నింపే మట్టి కూడా కేబుల్‌లో భాగమే. జల్లించిన ఇసుకలో పద్నాలుగో వంతు సిమెంటు కలిపి, గాలి సందులు మిగలకుండా దిమ్మిస కొడితే, తేమ పోయినా ఆ పొర వేడిని చాలావరకు మోస్తుంది. మన వీధుల్లో కనిపించేది వేరు: తవ్విన రాళ్లు, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు తిరిగి అదే గుంతలోకి. పైన తారు పడ్డాక ఎవరు చూడొచ్చారు? కేబుల్ పొడవునా ఆప్టికల్ ఫైబర్ వేస్తే ఏ మీటరు దగ్గర వేడి పెరుగుతోందో తెలుస్తుంది. రోగం తెలుస్తుందే గానీ నయం కాదు.

2014లో హుద్‌హుద్ తుపాను దెబ్బ తిన్నాక విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. గాలికి అది సరైన జవాబే. ఎండకు ఇంకో జవాబు కావాలి. టెండరులో కేబుల్ రకంతో పాటు పూడిక మిశ్రమం కూడా రాయాలి, మట్టి ఎంత వేడిని మోస్తుందో తేల్చే పరీక్ష మే నెలలో చేయించాలి. ఆగస్టు వానకు నానిన నేల ఇచ్చే అంకెను నమ్ముకుంటే, ఏసీలన్నీ ఒక్కసారి తిరిగే మధ్యాహ్నం అది పనికిరాదు.