పార్కింగ్ డబ్బుతో ఆర్‌ఓ ప్లాంటు సరే, మే నెల సంగతేంటి?

పర్యాటకుల దగ్గర వసూలు చేసే పార్కింగ్ రుసుముతో ఆర్‌ఓ ప్లాంటు (నీళ్లను శుద్ధి చేసే యంత్రం) నడిపి ఊరికి ఫ్లోరైడ్ లేని నీళ్లు ఇవ్వొచ్చని ఒక వ్యాసంలో చదివాను. ఆలోచన బాగుంది. మా పశ్చిమ ప్రకాశంలో అలాంటి చోటంటే నాకు ముందు గుర్తొచ్చేది భైరవకోన. కొండను తొలిచిన గుహాలయాలు, పక్కనే జలపాతం. కానీ జనం వచ్చేది శివరాత్రికి, కార్తీకానికి, వానలు పడి జలపాతం దూకేటప్పుడు. మాకు నీళ్ల కటకట మేలో! సీజన్‌లో వచ్చిన డబ్బు విడిగా ఖాతాలో దాచకపోతే ఎండాకాలానికి చిల్లిగవ్వ మిగలదు.

ప్లాంటు పెట్టడానికి దాతలు దొరుకుతారు, రిబ్బన్ కటింగ్ ఫొటో పడుతుంది కదా. నీళ్లను వడగట్టే పొర, అదే మెంబ్రేన్, మార్చాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా ఒక్కరూ రారు. తాళాలు పడ్డ ప్లాంట్లు మా వైపు చూస్తూనే ఉన్నాం. టూరిజం డబ్బు వెళ్లాల్సింది అక్కడికి. ఇంకోటి, ఆర్‌ఓ బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ ఉంటుంది. కాలవలోకి వదిలేస్తే మళ్లీ భూమిలోకే ఇంకుతుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటలేదని అప్పుడప్పుడూ పరీక్ష చేయించే ఖర్చు కూడా లెక్కలో వేయాలి.

ఇంతకీ ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంటుందో వ్యాసంలో లేదు. పంచాయతీకా, డ్వాక్రా సంఘానికా? నన్నడిగితే డ్వాక్రా వాళ్లకే ఇమ్మంటాను. నెలనెలా లెక్క రాసే అలవాటు వాళ్లకే ఉంది.