ఎనిమిదింటికి ఈగ

మా నాన్న ముప్పై ఏళ్లు సినిమా హాల్లో బుకింగ్ క్లర్కు. అన్నేళ్లలో ఒక్క సినిమా కూడా మొదటినుంచి చూసిన పాపాన పోలేదు. టికెట్లు చింపడం, కౌంటరు మూసి చిల్లర లెక్కపెట్టడం, డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ లెక్క, రాసి డిస్ట్రిబ్యూటరు మనిషికి చూపించడం, ఇవన్నీ అయ్యేసరికి ఇంటర్వెల్ బెల్లు కొట్టేవారు. అప్పుడు లోపలికెళ్లి వెనక గోడకి జారబడి నిలబడేవాడు. ఆయనకు తెలిసిన తెలుగు సినిమా అంతా సెకండాఫే. ఫస్టాఫు మా మేనత్త చెప్పేది, రాత్రి అన్నం వడ్డిస్తూ.

2008లో ఆ హాలు కల్యాణ మండపం అయిపోయింది. నాన్న ఆ తర్వాత సినిమా మొహం చూడలేదు. అత్తయ్య మాత్రం టీవీలో వచ్చింది వచ్చినట్టు చూస్తుంది.

మొన్న ఆదివారం సాయంత్రం. అత్తయ్య బెండకాయలు తరుగుతోంది. నాన్న అదే పేపరు మూడోసారి చదువుతున్నాడు.

"ఒరేయ్, ఎనిమిదింటికి ఈగ వస్తుంది."

"రానీ. కూర మీద మూత పెట్టుకో."

"మూతేవిట్రా? యాడ్లతో కలిపి పదకొండు దాటుతుంది. నువ్వు తొందరగా తినేసి వచ్చి కూర్చో."

"మూడు గంటలా? ఎన్ని ఈగలేంటి?"

"ఒక్కటే."

"ఒక్క ఈగకి నేను మూడు గంటలు కాపలా కూర్చోవాలా?"

"కూర్చోకపోతే నీ ఖర్మ. ఇన్నేళ్లుగా వస్తూనే ఉంది, ఒక్కసారైనా చూశావా?"

నాన్న పేపరు మడిచాడు. "ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో అదే ఈగ తిరుగుతోందా?"

అత్తయ్య కత్తిపీట మీద చెయ్యి ఆగింది. విషయం ఆవిడకి అప్పుడు అర్థమైంది. నేను నోరు తెరవబోతే కళ్లతోనే మూయించింది. డెబ్బై రెండేళ్ల మనిషికి అంత చూపు ఎక్కడినుంచి వస్తుందో!

"అవున్రా, అదే ఈగ. చచ్చినా మళ్లీ పుడుతుంది."

"ఛ!"

"మనింట్లోనే కాదు. తమిళం వాళ్లక్కూడా అదే రోజు వదిలారు."

"ఎవరు?"

"మనవాళ్లే."

"మనవాళ్లు మద్రాసు మీదకి ఈగల్ని వదలడమేంటక్కా, బుద్ధి లేదూ?"

"బుద్ధి లేకపోతే జాతీయ అవార్డు ఇస్తారా?"

"దేనికి?"

"ఈగకి. ఢిల్లీలో."

నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఈగకి ఢిల్లీలో అవార్డు. నేను ముప్పై ఏళ్లు ఆ చీకటి కౌంటర్లో కూర్చుంటే సంక్రాంతికి తువ్వాలు కూడా ఇవ్వలేదు" అని లేచి, అటక మీంచి దోమల బ్యాట్ తీసి ప్లగ్గులో పెట్టాడు. ఎర్ర లైటు వెలిగిందో లేదో చూడ్డానికి కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మళ్లీ కిందికి లాగి, చివరికి వేలు అడ్డం పెట్టి చూశాడు.

"అదెందుకురా?"

"ఎనిమిదింటికి రానీ, చెప్తా దాని సంగతి."

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. అది మన నానిరా."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ ఆగే రకం కాదు.

"ఏది నాని?"

"ఈగే. నాని చచ్చిపోయి ఈగై పుట్టాడు. అరగంటన్నా కాలేదు, ఆ సుదీప్ చంపేశాడు పాపం."

మా అబ్బాయి నాని హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతున్నాడు. అసలు పేరు వేరే ఉంది, అది బడి రిజిస్టరుకే. నాన్న మొహం పాలిపోయింది. అత్తయ్య అది చూడలేదు, తల వంచుకుని బెండకాయల వైపు చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"సుదీప్ ఎవడు? రూమ్మేటా?"

నేను "నాన్నా, అదికాదు" అనేలోపే ఆయన వార్డెన్‌కి ఫోన్ కలిపేశాడు. చెయ్యి వణుకుతోంది, గొంతు మాత్రం కౌంటర్లో 'చిల్లర ఇవ్వండి' అన్నంత గట్టిగా ఉంది. "మా నానిని పిలవండి. కాదు, ఇప్పుడే. అన్నం తింటుంటే కంచంతో పట్టుకురండి."

రెండు నిమిషాలు. ఫోన్ స్పీకర్లో ఉంది.

"తాతయ్యా?"

"ఒరే నానీ, బాగున్నావా?"

"బాగున్నా. ఏంటి తాతయ్యా?"

"సుదీప్ అనేవాడు నిన్నేమైనా చేశాడా?"

"ఏ సుదీప్?" కాసేపు ఏం వినబడలేదు. తర్వాత పెద్ద కేక. "ఓ! ఇవాళ ఈగ సినిమా వస్తోందా? మా హాస్టల్లో టీవీ పెట్టరు తాతయ్యా!"

నాన్న ఫోన్ పెట్టేశాడు. బ్యాట్ ప్లగ్గులోంచి తీశాడు. వచ్చి అత్తయ్య ముందు నిలబడ్డాడు.

"సినిమా అని చెప్పొచ్చుగా!"

"టీవీలో ఎనిమిదింటికి సినిమా కాక, రోడ్డు మీద ఈగలు చూపిస్తార్రా?"

"నీకేం, నాకు గుండె ఆగింది."

"ఆగితే ఫోన్ ఎవరు చేశారు?" అంది గానీ, లేచి ఆయనకి మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు నిండా పంచదార కలిపి. ఆయనకి షుగరని ఆవిడకీ తెలుసు. అమ్మ లోపల్నుంచి "సగం తాగండి" అంది.

సగం తాగాక నాన్న తన అసలు ప్రశ్న అడిగాడు.

"ఎన్ని రోజులు ఆడింది?"

"నీకు కథ అక్కర్లేదా?"

"కథ ఎవడిక్కావాలి, కలెక్షన్ చెప్పు."

"నేనేమైనా గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టానా? 2012 జూలైలో వచ్చింది, పెద్ద హిట్టు. సింహాద్రి తీసినాయనే తీశాడు."

"సింహాద్రి ఆయనా!" నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "దానికి మా కౌంటరు కటకటాలు వంగిపోయాయి. అంతటివాడికి ఏం కర్మ? ఈగని హీరోగా పెడితే బయ్యరు ఎవడు కొంటాడు?"

"ఎందుకు కొనడు? ఇంద్రుడి కూతురు ఉంగరం పారేసుకుని టూరిస్టు గైడు ఇంటికొస్తే కొనలేదూ?"

"జగదేకవీరుడా? ఆ మాటెత్తకు. 1990 మే 9. రిలీజ్ రోజునే తుపాను. కౌంటర్లో నా కాళ్లు నీళ్లలో, టికెట్ల కట్టలు నెత్తి మీద. సినిమా పోయిందనే అనుకున్నాం. వాన తగ్గాక చూడాలి! చీరలు మోకాళ్ల దాకా ఎత్తిపట్టి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. కటకటాల్లోంచి చేతులు, ఒకదాని మీద ఒకటి, తడి నోట్లు... ఆ నోట్లు ఫ్యాను కింద ఆరబెట్టి లెక్కపెట్టా."

"సెకండాఫ్ చూశావా?"

"చూశా. ఆవిడెవరో, ఉంగరం కోసం ఎందుకు ఏడుస్తోందో తెలీలేదు. ఇంటికొచ్చాక నువ్వు చెప్పావు."

"శంకరాభరణానికి మాత్రం మొదట్లో కౌంటర్లో పనే లేదు కదరా, 1980లో. ఖాళీ కుర్చీలేగా. వెళ్లి మొదటినుంచీ చూడొచ్చుగా?"

"ఎవడో ఒకడు వస్తాడేమోనని కూర్చున్నా."

"వచ్చారా?"

"తర్వాత వచ్చారు. అందరూ వచ్చారు. అప్పుడు అసలు లేవడానికే కుదర్లేదు."

అత్తయ్యకి జాలి కలిగినట్టుంది. ఎప్పుడూ అంతే, జాలి కలిగినప్పుడే ఏదో ఒకటి వాగి మళ్లీ గొడవ తెస్తుంది.

"నీకో సంగతి చెప్పాలిరా. శివకి నేను చెప్పిన ఫస్టాఫ్ అబద్ధం."

"ఏది అబద్ధం?"

"సైకిల్ షాపు."

"నాగార్జునకి సైకిల్ షాపు లేదా?"

"లేదు. కాలేజీ కుర్రాడు."

"మరి చైను?"

"సైకిల్ స్టాండులో ఉన్న సైకిల్‌ది తెంపుతాడు."

నాన్న లేచి నిలబడ్డాడు. "ముప్పై ఐదేళ్లు! ఎంతమందికి చెప్పానో తెలుసా? పోస్టరు మీద చైను చూసి, షాపులో రిపేరుకొచ్చిన సైకిల్‌ది తెంపి కొట్టాడు, అందుకే ఆ రౌడీకి అంత కోపం అని మా మేనేజరుకి కూడా చెప్పాను. ఆయన నా వైపు అదోలా చూశాడు. ఇప్పుడు తెలిసింది ఎందుకు చూశాడో!"

"ఏం చెయ్యమంటావురా? నేనా సినిమాకి వెళ్లలేదు. ఆ రోజు మీ ఆవిడకి నొప్పులొచ్చాయి. నువ్వేమో హౌస్‌ఫుల్లు, కదలడానికి వీల్లేదని కబురు పంపావు. రిక్షా కట్టించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది నేను. రాత్రి పన్నెండింటికి వచ్చి, పిల్లాణ్ణి చూసి, నా పక్కన కూర్చుని ఏమన్నావో గుర్తుందా?"

నాన్న గోడ వైపు తిరిగాడు.

"'ఇంతకీ ఫస్టాఫ్‌లో ఏమైందక్కా?' అన్నావు. పడీపడీ అడిగావు. నిద్రకళ్లతో నోటికొచ్చింది చెప్పా. ఆస్పత్రి ఎదురుగా సైకిల్ షాపు ఉంది, అదే చెప్పా."

ఆ పుట్టింది నేనే. నా పుట్టుక వెనక ఇంత కథ ఉందని అప్పుడే తెలిసింది. అమ్మ లోపల్నుంచి ఏమీ అనలేదు గానీ, గిన్నె కాస్త గట్టిగా పెట్టిన చప్పుడైంది.

"ఇంకెన్ని అబద్ధాలు చెప్పావు?"

"రెండు మూడు ఉంటాయి."

"ఏవి?"

"చెప్పను. అవి బాగా ఆడిన సినిమాలు, నీకు బాధగా ఉంటుంది."

ఎనిమిదైంది. టీవీలో ఓ చిన్నపిల్ల వాళ్ల నాన్నని కథ చెప్పమని అడుగుతోంది. అత్తయ్య సోఫాలో కూర్చుంది. నాన్న సోఫా వెనక గోడకి జారబడి నిలబడ్డాడు.

"కూర్చోరా. టికెట్ నేనిస్తాలే."

"అలవాటు లేదు."

"ఫస్టాఫ్‌కి కూర్చునే చూస్తారు. సిగ్గుపడకు."

కూర్చున్నాడు, కుర్చీ అంచున. అరగంటకి తెర మీద నాని పోయాడు. నాన్న చప్పున ఫోన్ వైపు చూసి, అత్తయ్య చూస్తోందని తెలిసి, బ్యాట్ తీసి తుడిచాడు. ఈగ పుట్టింది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. సూక్ష్మమైన బొమ్మలు చెక్కే హీరోయిన్ నానిని తలుచుకుంటున్నప్పుడు మాత్రం "కన్నీళ్లు పెట్టుకోదేం?" అన్నాడు. ఆమె పెట్టుకునే ఉంది, ఈయన కళ్లజోడే మసకబారింది.

యాడ్లు వచ్చాయి. అత్తయ్య ఆవలించి లేచింది.

"ఎక్కడికి?"

"పడుకుంటా. నిద్రొస్తోంది."

"సెకండాఫ్?"

"నువ్వు చూసి పొద్దున చెప్పు."

ఆ సినిమా ఆవిడ పదిసార్లకి తక్కువ చూసి ఉండదు.

పొద్దున్నే కాఫీ దగ్గర అత్తయ్య చెయ్యి చాపి గ్లాసు అందుకుంటూ ఏమీ ఎరగనట్టు అడిగింది. "చివరికి ఏమైందిరా?"

నాన్న కాఫీ ఊదుకుని, ఒక గుక్క తాగి, పేపరు తెరిచాడు.

"ఏముంది, ఆ ఈగ సైకిల్ షాపు పెట్టుకుంది."