సవరణ: స్టార్‌డస్ట్ తెచ్చిన ధూళి

2006 జనవరిలో అమెరికాలోని యూటా ఎడారిలో దిగిన, నాసా అంతరిక్ష నౌక స్టార్‌డస్ట్ క్యాప్సూల్‌లోని ధూళి అంతా నక్షత్రాల మధ్య నుంచి వచ్చిందేనని మొన్నటి పోస్టులో ఉంది. అది సరికాదు. ఆ నౌక ముఖ్యంగా విల్ట్-2 తోకచుక్క ధూళి కోసం వెళ్లింది. నక్షత్రాంతర ధూళికి వేరే ట్రే పెట్టారు. అందులో 2014 నాటికి శాస్త్రవేత్తలు గుర్తించినవి ఏడే రేణువులు, అవి కూడా 'బహుశా నక్షత్రాంతరమైనవి' అనే చెప్పారు. మూడు ఏరోజెల్‌లో (ధూళిని పట్టుకోవడానికి ట్రేలో పెట్టిన చాలా తేలికైన, నురుగులాంటి ఘనపదార్థం) చిక్కాయి. మిగతా నాలుగూ అల్యూమినియం రేకుకు వేగంగా తగిలి, కంటికి కనిపించనంత చిన్న గుంటల్లో కాస్త అవశేషంగా మిగిలాయి.

ఓరియన్, హైలాబ్రూక్ అని పేరు పెట్టిన రెండు రేణువుల్లో ఆలివిన్ అనే సిలికేట్ ఖనిజపు స్ఫటికాలున్నాయి. నక్షత్రాంతర సిలికేట్లు (సిలికాన్, ఆక్సిజన్ ఉన్న ఖనిజాలు) దాదాపు అన్నీ స్ఫటికరూపం లేనివేనని టెలిస్కోపులు చెబుతుంటే, ఇక్కడ స్ఫటికాలు దొరకడం నిజంగా ఆశ్చర్యం!