డబ్బాలో మగ్గుతున్న న్యూస్‌రీలు గారికి, హైదరాబాద్ నుంచి

న్యూస్‌రీలు గారూ,

బాగున్నారా అని అడిగితే మీకు కోపమొస్తుందేమో, తుప్పు పట్టిన డబ్బాలో పడున్నోళ్ళని పట్టుకుని బాగోగులు అడగడమేంటి అని. అయినా అడుగుతున్నా, ఎందుకంటే మా సిటీలో ఉన్నట్టుండి అందరికీ మీ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అరుదైన వీడియో, చివరిదాకా చూడండి అంటూ మీ ముక్క ఒకటి రోజూ ఏదో ఒక గ్రూపులో తిరుగుతూనే ఉంది.

మీ హవా నడిచినప్పుడు మాత్రం మీ మొహం చూసినోడు లేడు లెండి. 1948లో ప్రభుత్వం మీలాంటి వార్తా చిత్రాలు తియ్యడానికి ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది, సినిమాకి ముందు మిమ్మల్ని వేసి తీరాల్సిందే అన్నారు, పైగా హాలు ఓనరే కలెక్షన్లో ఒక శాతం దాకా ఎదురు కట్టుకోవాలి. మా నాన్న తరం అంతా ఏం చేసిందంటే, మీరు అయిపోయేదాకా హాలు బయట చాయ్ తాగి, సిగరెట్ ఊది, టైటిల్స్ పడే టైమ్‌కి కరెక్ట్‌గా లోపలికొచ్చింది. ఎక్కడ వరదొచ్చిందో, ఏ మంత్రి ఏ రిబ్బన్ కత్తిరించాడో పాపం ఖాళీ కుర్చీలకే చెప్పుకున్నారు.

అందులో మీ గొంతు తప్పు కూడా ఉంది, ఏమనుకోకండి. ఆ కామెంటరీ వింటే కరువు కూడా ప్రభుత్వమే ప్లాన్ ప్రకారం మంజూరు చేసిందేమో అనిపిస్తది. అందుకే నేను మ్యూట్‌లో పెట్టి చూస్తా, అసలు సరుకంతా ఫ్రేమ్ మూలల్లోనే ఉంటది. 1955 డిసెంబర్‌లో నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశారు, సరే, అది స్కూల్ పుస్తకంలోనూ ఉంది. కానీ అది రాతికట్టుడు డ్యామ్ అనీ, ఆ రాళ్ళు మోసింది మనుషులేననీ, నెత్తిన తట్టతో ఒకామె ఫ్రేమ్ చివర్న అడ్డంగా పోతూ కెమెరా వంక విసుగ్గా ఒక చూపు చూస్తే గానీ బుర్రకెక్కదు. ఆమె గురించి మీరు ఒక్క ముక్క చెప్పలేదు. కట్ చెయ్యడం మర్చిపోయారంతే, ఆ మర్చిపోయిన రెండు సెకన్లకే నేను మీకు ఫ్యాన్ అయిపోయా.

మిమ్మల్ని మేం కాపాడుకున్న తీరు చూస్తే మీరు మురిసిపోవాల్సిందే. మీలో పాతకాలం నైట్రేట్ ఫిల్మ్ జాతి వాళ్ళు అంటుకుంటే నీళ్ళు పోసినా ఆగరు, 2003లో పుణె ఆర్కైవ్‌లో బోలెడు రీళ్ళు అలాగే బూడిదయ్యాయి. తర్వాతొచ్చిన అసిటేట్ ఫిల్మ్ వాళ్ళు అంత తేలిగ్గా కాలరు గానీ వేడికి, తేమకి కుళ్ళుతారు, మూత తీస్తే గుప్పుమని సిర్కా వాసన, లోపల రీలు ముడుచుకుపోయి మిషన్ పళ్ళకి కూడా అందదు. మిగిలినోళ్ళని కరిగించి వెండి తీసుకున్నాం, వేస్ట్ చెయ్యడం మా ఇంటా వంటా లేదు కదా! మన తెలుగోళ్ళ తొలి మూకీ భీష్మ ప్రతిజ్ఞ, 1921 నాటిది, ఇప్పుడు చూద్దామంటే రీలే లేదు.

అటు చూస్తే బ్రిటిష్ పాథే వాళ్ళు 2014లో 85,000 న్యూస్‌రీళ్ళు యూట్యూబ్‌లో కుమ్మరించారు. మన తాతల పెళ్ళి ఫోటోల కోసం పక్కింటోళ్ళ ఆల్బమ్ అడుక్కున్నట్టుంది మా పని.

హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసిన రోజని సెప్టెంబర్ 17 వస్తే చాలు, మీకు మా దగ్గర పండగే. బేగంపేట ఎయిర్‌పోర్ట్‌లో పటేల్ గారికి నిజాం దండం పెడుతున్న ఫోటో తీసుకుని, అటు జూమ్ ఇటు జూమ్ చేసి, యుద్ధం మ్యూజిక్ తగిలించి, నిజాం లొంగిపోయిన క్షణం, ఒరిజినల్ ఫుటేజ్ అని వదుల్తారు. పటేల్ గారు వచ్చింది 1949 ఫిబ్రవరిలో. అసలు లొంగుబాటు 1948 సెప్టెంబర్ 18న, ఇండియన్ ఆర్మీ మేజర్ జనరల్ చౌధురి ముందు లొంగింది నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, అక్కడ నిజామూ లేడు పటేలూ లేడు. విమోచనం అనేవాడూ విలీనం అనేవాడూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు, ఈ తప్పు డేట్ దగ్గర మాత్రం మహా ఐకమత్యం.

ఈసారి కూడా కింద సరైన డేట్ రాద్దామనే ఉన్నా. మా కాలనీ గ్రూపు అడ్మిన్ రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, పోయినేడు ఆ వీడియో పెట్టింది ఆయనే.

ఇట్లు,
మ్యూట్‌లో చూసే మీ అభిమాని