గోఫర్ ప్రెయిరీ అమ్మలక్కల పక్షాన ఒక విన్నపం

సింక్లెయిర్ లూయిస్ అనే అమెరికన్ రచయిత 1920లో ‘మెయిన్ స్ట్రీట్’ నవల రాసి, గోఫర్ ప్రెయిరీ అనే ఊరి పరువు బజారుకీడ్చాడు. నూరేళ్లు దాటినా ఆ ఊరి అమ్మలక్కల తరఫున వకాల్తా పుచ్చుకున్నవారు నాకు కనబడలేదు. అందుకని నేనే పూనుకుంటున్నాను.

కథానాయిక కెరోల్ డాక్టరుగారి భార్యగా ఆ ఊళ్లో అడుగుపెడుతుంది. ఊరంతా నడిచి చూడటానికి ఆవిడకు పట్టింది 32 నిమిషాలు. తర్వాత ఊరు ఆవిడను చూడటం మొదలుపెట్టింది. అరగంటలో అయిపోయే ఊళ్లో జనం మాత్రం ఇంకేం చూస్తారు? కొత్త కోడలు ఏం కొంది, ఎంతకు కొంది, విందులో ఎందుకంత హడావిడి చేసింది, ఇవన్నీ జీతం భత్యం లేకుండా ఆరా తీశారు. దీన్ని లూయిస్ సంకుచితత్వం అన్నాడు. నేను శ్రద్ధ అంటాను.

అసలు నేరం పేకాట దగ్గర బయటపడింది. ‘జాలీ సెవెంటీన్’ అనే ఆడవాళ్ల క్లబ్బులో పనిమనుషుల జీతాల ప్రస్తావన వచ్చింది. కెరోల్ నోరు జారి, తాను వారానికి ఆరు డాలర్లు ఇస్తున్నానని చెప్పేసింది. అంతే, అందరూ ఆవిడ మీద విరుచుకుపడ్డారు. ఒక ఇల్లాలు అలా ఇచ్చుకుంటూ పోతే మిగతా ఇళ్ల గతేమిటి? ఈ ఆర్థిక సూత్రం మనకెవరూ వివరించనక్కరలేదు. ‘మీరు పెంచేస్తే రేపు మా పనమ్మాయి అడగదా’ అని మా వీధిలో నేను స్వయంగా మాట పడ్డాను. ఆ నెల జీతం పెంచలేదు కూడా. నలుగురిలో బతకాలి కదా!

ఇక ఫెర్న్ మలిన్స్ అనే చిన్న వయసు పంతులమ్మ సంగతి. నాట్యానికని తనతో వచ్చిన కుర్రాడు తాగితే, వాడి తల్లి బోగార్ట్‌గారు, భక్తురాలు, తన కొడుకును చెడగొట్టిందని ఊరంతా టముకు వేసింది. తాగింది కుర్రాడు, ఉద్యోగం పోయి రైలెక్కింది పంతులమ్మ. ఇక్కడ నా వాదన కాస్త తడబడుతోంది. ముందుకు వెళ్దాం.

నా ఫిర్యాదల్లా ఒకటే. బోగార్ట్‌గారు చెప్పింది ఊళ్లోవాళ్లకే. లూయిస్ మాత్రం ఎవరి పెరట్లో ఏం జరిగిందో, ఏ కిటికీ పరదా ఎప్పుడు కదిలిందో గుర్తుపెట్టుకుని ప్రపంచానికంతా మోసి, పైగా డబ్బు కూడా తీసుకున్నాడు. అదే పని చేసినందుకు ఆవిడకు దక్కింది గయ్యాళి పేరు, ఆయనకు 1930లో నోబెల్ బహుమతి.

ఆయన పుట్టిన ఊరు, మిన్నెసోటా రాష్ట్రంలోని సాక్ సెంటర్‌లోనే గోఫర్ ప్రెయిరీకి మూలం ఉంది. మొదట్లో అక్కడివాళ్లకు ఒళ్లు మండింది. తర్వాత ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. కెరోల్‌కు దిగులు పుట్టించిన ఆ మెయిన్ స్ట్రీట్‌కు ‘అసలైన మెయిన్ స్ట్రీట్’ అని బోర్డు తగిలించారు. 1951లో ఆయన రోమ్‌లో పోతే, చితాభస్మాన్ని తెచ్చి ఆ ఊరి శ్మశానంలోనే పూడ్చారు. ఊళ్లో ఎవరు పోయినా అక్కడికే వచ్చి చేరతారు కాబట్టి, ఆయనకు కొత్త కబుర్లకు కొదవ ఉండదు.