పేరు రాసినంత మాత్రాన చదివినట్టా?

మొన్న ఒక గ్రూపులో ఎవరో స్క్రీన్‌షాట్ పెట్టారు. ఆన్‌లైన్ విద్య మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసర్ గారి గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే చోటు) పేజీ అది. వేలల్లో సైటేషన్లు (వేరేవాళ్ళు తమ రాతల్లో ఈయన పేపర్ల పేరెత్తిన లెక్క), పక్కన హెచ్ ఇండెక్స్ (ఆ లెక్క నుంచే తీసే ఒక స్కోరు), పైన "ఇంపాక్ట్ అంటే ఇదీ" అని ఒక మాట, కింద వరసగా చప్పట్ల బొమ్మలు. మర్యాదకి నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను. ఆ రోజంతా గొణుక్కుంటూనే ఉన్నాను. భరించలేక ఇంట్లోవాళ్ళు "మాకెందుకు చెప్తావ్, పోయి పోస్ట్ రాసుకో" అన్నారు. రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నా థీసిస్ రెండో చాప్టర్లో "గారిసన్, ఆండర్సన్, ఆర్చర్, 2000" అని నాలుగు చోట్ల రాశాను, అంటే ఆ ముగ్గురూ 2000లో రాసిన పేపర్ చదివానని చెప్పుకోవడం. ఆ పేపర్ అప్పటికి తెరిచి కూడా చూడలేదు. ఇంకెవరి థీసిస్‌లోనో ఆ వాక్యం కనపడితే అటూ ఇటూ మార్చి పెట్టేశాను. గైడ్ గారు అడగలేదు, వైవాలో ఎవరూ అడగలేదు. అంటే ఆ ముగ్గురి పేరు మీదున్న లెక్కలో నాదీ ఒకటి ఉండి ఉంటుంది. నా బుర్రలో మాత్రం వాళ్ళ ఆలోచన ఒక్కటీ లేదు.

ఆన్‌లైన్ క్లాసులు నా నెత్తిన పడ్డాక, దిక్కుతోచక అప్పుడు చదివాను. ముగ్గురూ కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీలో చేసిన పని అది. అందులో వీడియో క్లాసుల ప్రసక్తే లేదు. టైపు చేసి పోస్ట్ చేసుకునే కంప్యూటర్ కాన్ఫరెన్సింగ్ గురించి రాశారు. మొహం కనపడదు, గొంతు వినపడదు. ఒకరు సోమవారం రాస్తే ఇంకొకరు గురువారం జవాబిస్తారు. అలాంటి చోట నిజంగా ఆలోచించే చదువు సాగాలంటే ఏం ఉండాలి? చదువుకునేవాళ్ళు ఒకరికొకరు మనుషులుగా తెలియాలి, టీచర్ దారి చూపిస్తున్నారని తెలియాలి, అన్నిటికీ మించి ఆలోచన ముందుకి కదలాలి అన్నారు. దీన్నే కమ్యూనిటీ ఆఫ్ ఇంక్వైరీ అంటారు. ఒక మీటింగులో ఒకాయన ఇదే పేపర్ చూపించి పిల్లలందరూ కెమెరాలు ఆన్ చెయ్యాల్సిందే అని వాదించారు. మొహాలే కనపడని చోటు గురించి రాసిన పేపర్ అండీ అది!

2001లో వాళ్ళు ఇంకో పేపర్ వేశారు. విద్యార్థుల మెసేజ్‌లు ఒక్కొక్కటీ చదివి, అందులో ఆలోచన ఎంత దూరం వచ్చిందో చూశారు. ప్రశ్న లేవనెత్తినవి 8 శాతం. తలా ఒక మాట వేసినవి 42. నాలుగు మాటలూ కలిపి ఒక అర్థానికి తెచ్చినవి 13. తేల్చినవి 4. మిగతా మూడో వంతు ఏ గడిలోనూ పడలేదు. శాంపిల్ చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఆ 4ని దాచకుండా అచ్చు వేశారు చూశారా, నాకు వాళ్ళ మీద గౌరవం అక్కడ పుట్టింది. వెంటనే పోయి నా కోర్సు చర్చలు చూసుకున్నాను. "బాగా చెప్పారు", "నేనూ ఏకీభవిస్తున్నాను" తప్ప ఇంకేం లేదు. అప్పటి నుంచి ప్రతి చర్చ చివర్లో ఒకరికి పని అప్పగిస్తున్నాను: ఏం తేలిందో, ఏం తేలలేదో రాయాలి. నా క్లాసు మారింది అక్కడే. ఇది ఏ సైటేషన్ లెక్కలోకీ రాదు.

ఇప్పుడు నా కోపం అసలు దేనిమీదో చెప్తాను. 2009లో రూర్క్, కనూకా అని ఇద్దరు పరిశోధకులు ఈ కమ్యూనిటీ ఆఫ్ ఇంక్వైరీ సిద్ధాంతం పేరెత్తిన 252 రిపోర్టులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. 2000 నుంచి 2008 దాకా వచ్చినవి. వాటిలో సమాచారం సేకరించి, ఈ సిద్ధాంతంలో ఏదో ఒక అంశాన్నైనా పరిశీలించినవి 48. విద్యార్థులు ఏం నేర్చుకున్నారని చూసినవి 5. అయిదంటే అయిదు! ఆ అయిదూ కూడా "నేర్చుకున్నామని మీకు అనిపిస్తోందా" అని విద్యార్థుల్నే అడిగి రాసుకున్నవి. ఈ రూర్క్ బయటివాడేం కాదు, మొదట్లో ఆ ముగ్గురితో కలిసి పేపర్లు రాసినవాడే. గారిసన్ బృందం జవాబిచ్చింది: మాది నేర్చుకునే ప్రక్రియ గురించిన సిద్ధాంతం, ఫలితం గురించి కాదు అని. ఆ జవాబు నాకు సగమే మింగుడుపడింది. తమాషా ఏంటంటే, ఇంత కడిగిపారేసిన రూర్క్ పేపర్ కూడా గారిసన్ ఖాతాలో ఒక సైటేషనే. పొగిడినా ఒకటే, తిట్టినా ఒకటే, నాలాగా చదవకుండా కాపీ కొట్టినా ఒకటే. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన తెచ్చిన హెచ్ ఇండెక్స్‌కి కూడా ఈ తేడా తెలీదు.

ముగ్గురిలో టెర్రీ ఆండర్సన్ సంగతి వేరుగా చెప్పాలి. అథబాస్కా యూనివర్సిటీకి వచ్చాక, ఆన్‌లైన్ బోధన మీద 2004లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా దింపుకునేలా పెట్టారు. చాలా ఏళ్ళు సంపాదకుడిగా నడిపిన పత్రిక కూడా అంతే, పైసా కట్టక్కర్లేదు. 2003లో అందులోనే ఒక మాట రాశారు. టీచర్‌తో, తోటివాళ్ళతో, పాఠంతో, ఈ మూడింటిలో ఏ ఒక్కదానితో విద్యార్థికి గట్టి సంబంధం ఉన్నా లోతైన చదువు సాగుతుంది, మిగతా రెండూ తక్కువైనా పర్వాలేదు అని. వందలమంది పిల్లలున్న కోర్సు ఒంటి చేత్తో లాగుతున్న నాకు అది చదివాక సగం టెన్షన్ తగ్గింది. అందరికీ రోజూ జవాబివ్వలేకపోతున్నానని ఏడ్చే బదులు పాఠం బాగు చేసుకోవడం మీద పడ్డాను.

అందుకే ఆ స్క్రీన్‌షాట్ కిందకి మళ్ళీ వెళ్ళి అడిగాను: "ఈయన పేపర్లలో మీరు క్లాసులో వాడి చూసింది ఏది?" రెండు రోజులైంది. ఇప్పటికి ఒక్క జవాబు వచ్చింది. అదీ చప్పట్ల బొమ్మే.